సవరణ: గిగాబిట్ పోర్టు గ్రాఫ్ 114 దగ్గర ఆగిపోతే

విజయనగరం, రాజాం కేబుల్ ఆపరేటర్ల కోసం మొన్న రాసిన పోస్టులో, లిబ్రెఎన్ఎంఎస్ (నెట్‌వర్క్ ట్రాఫిక్‌ని గమనించే సాఫ్ట్‌వేర్) గ్రాఫ్ 114 ఎంబీపీఎస్ దాటకపోతే పోలింగ్ (స్విచ్‌ని లెక్క అడిగే విరామం) 5 నిమిషాల నుంచి 1 నిమిషానికి తగ్గించమన్నాను. అది తప్పు.

అసలు తిరకాసు స్విచ్ నుంచి ఆ లెక్క తెచ్చే ప్రోటోకాల్ ఎస్ఎన్ఎంపీ పాత వెర్షన్, వీ1తో. ప్రామాణిక పత్రాల ప్రకారం అందులో పోర్టులో వెళ్లిన బైట్లు లెక్కపెట్టడానికి 32 బిట్ కౌంటర్లే ఉంటాయి; గిగాబిట్ నిండుగా నడిస్తే 34 సెకన్లకే నిండి మళ్లీ సున్నా నుంచి మొదలు. అందుకే 5 నిమిషాలకైతే 114, 1 నిమిషం పెట్టినా 570 ఎంబీపీఎస్ దాటాక లెక్క తప్పుతుంది, పైగా సర్వర్ డిస్కుకి ఊరికే చాకిరీ.

అంత త్వరగా నిండని 64 బిట్ కౌంటర్లు తర్వాతి వెర్షన్ వీ2సీలో వస్తాయి. ముందు ఎస్ఎన్ఎంపీవాక్ కమాండ్‌లో వీ2సీ పెట్టి 1.3.6.1.2.1.31.1.1.1.6 (పోర్టులోకి వచ్చిన బైట్ల 64 బిట్ కౌంటర్ నంబరు) అడగండి. అంకెలు వస్తే లిబ్రెఎన్ఎంఎస్‌లో ఆ స్విచ్ డివైస్ ఎడిట్‌లో ఎస్ఎన్ఎంపీ ట్యాబ్ తెరిచి వీ1ని వీ2సీ చేసి సేవ్ చేయండి. ఏమీ రాకపోతే స్విచ్‌లోనే వీ2సీ ఆన్ చేయాలి. పాత గ్రాఫ్‌లో పడ్డ గ్యాప్‌లు మాత్రం పూడవు.