పానా పంపమన్నారు

నాలుగు గంటల సమ్మర్ క్యాంపుకి ఒక్క పిల్లాడిని పంపడానికి మా ఇంట్లో ముగ్గురు పెద్దవాళ్లం మూడు రోజులు పనిచేశాం. నా పెళ్లిచూపులకు కూడా ఇంత హడావిడి జరగలేదు.

మాది పర్లాకిమిడి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు మా ఊరు ఇందులోకి వచ్చింది, పక్కనున్న పాతపట్నం మద్రాసులో ఉండిపోయింది. అందుకని మా బజార్లో బేరం తెలుగులో మొదలై ఒడియాలో తెగుతుంది. మాకది అలవాటే. మా అత్తయ్యకీ మావయ్యకీ మాత్రం ఒడియా ముక్క రాదు. వాళ్లది నరసన్నపేట. మా ఆయన ఉద్యోగం విశాఖలో, నా ఉద్యోగం ఇక్కడ. సెలవుల్లో బుజ్జిగాడిని చూసుకోవడానికి ఇద్దరూ వచ్చారు. అత్తయ్య తన తరవాణి కుండతో వచ్చింది. మావయ్య ముప్పై ఏళ్లు సైకిల్ షాపు నడిపిన మనిషి, తన పనిముట్ల సంచితో వచ్చాడు. ఈ రెండింటినీ గుర్తుపెట్టుకోండి.

క్యాంపు వాళ్లు ఒక కాగితం ఇచ్చారు. టోపీ, నూలు బట్టలు, మార్చుకోవడానికి ఇంకో జత, పేరు రాసిన నీళ్ల సీసా, ఇంట్లోవాళ్ల ఫోన్ నంబర్లు రెండు. పిల్లాడికి పడని తిండి ఏదైనా ఉంటే రాయమన్నారు. బుజ్జిగాడు నాకంటే ముందు పెన్ను లాక్కొని ‘బెండకాయ, కాకరకాయ, ఉప్మా’ అని రాసేశాడు. దాన్ని కొట్టేసి ‘ఏమీ లేదు’ అని రాయడానికి నాకూ వాడికీ ఒక పూట యుద్ధం.

ఎండ సంగతి ఇక్కడ ఎవరూ తేలిగ్గా తీసుకోరు. 1998 వేసవిలో ఒడిశాలో వడదెబ్బకి రెండు వేల మందికి పైగా పోయారు. అప్పటి కబుర్లు వినే పెరిగాం. అందుకే క్యాంపు కూడా పొద్దున్న ఆరున్నరకి మొదలుపెట్టి, ఎండ ముదరకముందే పదిన్నరకి వదిలేస్తారు. ఆ ధైర్యంతోనే నేను చేర్పించాను. అత్తయ్యకి ఆ ధైర్యం లేదు.

“గుంటడికి ఎండ తగిల్తే ఏటౌద్దో నీకు తెల్దు,” అని వాడి నిక్కరు జేబులో ఉల్లిపాయ పెట్టింది. జేబులో ఉల్లిపాయ వడదెబ్బని ఆపదని నేను చెప్పాను. “నాకు అరవై ఏళ్లు, ఒక్కసారైనా తగిలిందా?” అంది. దానికి ఏ డాక్టరు దగ్గరా సమాధానం ఉండదు.

అసలు గొడవ నీళ్ల దగ్గర వచ్చింది. దాహం వేసేదాకా ఆగకుండా మధ్యమధ్యలో మంచినీళ్లు తాగితే చాలు, ఓఆర్ఎస్ ప్యాకెట్ అవసరం పడితేనే అని నా వాదన. అదైనా లీటరు నీళ్లకి ప్యాకెట్ మొత్తం కలపాలి. సీసా చిన్నదని అంత పొడీ అందులోనే కలిపితే ఉప్పు ఎక్కువై లేనిపోని తంటా. ఇదంతా నేను టీచర్లా చెప్తుంటే అత్తయ్య మధ్యలోనే లేచి వెళ్లిపోయింది. వెళ్తూ, “ఒట్టి నీళ్లలో ఏటుందే?” అంది. ఆ మాట నేను పట్టించుకోవలసింది.

ఆ రాత్రి నేను పడుకున్నాక ఆవిడ స్టీలు సీసా తీసి, కుండలోంచి మూడు రోజులు పులిసిన తరవాణి నింపిందట. తెలియనివాళ్లకి చెప్తున్నాను: గంజిలో ఉప్పు వేసి కుండలో పులియబెడితే అది తరవాణి. ఒడియా వాళ్లు పఖాళ, అంటే నీళ్లలో నానేసిన చద్దన్నం, దాని నీళ్లని ‘తొరాణి’ అంటారు, దాదాపు అదే మాట, దాదాపు అదే రుచి. దాన్ని కుండలో పోసి పైన గుడ్డ కట్టినంత కాలం సాధుజంతువు. మావాడు పులుపు తాగడని అత్తయ్య అందులో గుప్పెడు బెల్లం కలిపింది. సీసా అంచుదాకా నింపింది. బ్యాగులో కారకూడదని మూత గట్టిగా బిగించి, చాలదని మావయ్య చేత ఇంకొంచెం బిగించింది. తెల్లవార్లూ పొయ్యిగట్టు మీదే ఉంచింది. పులిసేదానికి బెల్లమూ వెచ్చదనమూ దొరికితే గ్యాసు ఎలా పుడుతుందో సోడా తాగే ప్రతివాడికీ తెలుసు. ఆ గ్యాసుకి దారి లేకపోతే ఏమవుతుందో మాకు మర్నాడు తెలిసింది.

ఇక ఫోను సంగతి. అదే రోజు సాయంత్రం నేను స్నానానికి వెళ్లినప్పుడు క్యాంపు సార్ ఫోన్ చేశారు. ఆయనది బరంపురం వైపు. తెలుగు వచ్చు, కాకపోతే ఒడియా పోపు పెట్టిన తెలుగు. మర్నాడు పిల్లలందరూ ఇంటినుంచి చల్లటి పానీయం తెచ్చి పంచుకుంటారని చెప్పడానికి చేశారు. మారేడు పండు గుజ్జుతో చేసే పానకాన్ని ఒడియాలో ‘బేల పణా’ అంటారు. ఏప్రిల్‌లో సంక్రాంతి వస్తే దాని పేరే పణా సంక్రాంతి. తెలుగువాళ్లతో మాట్లాడుతున్నాను కదా అని ఆయన మర్యాదగా, పానకం అన్నట్టుగా దీర్ఘం తీసి చెప్పారు: “రేపు బాబుకి పానా ఇచ్చి పంపండి.”

ముప్పై ఏళ్లు సైకిల్ షాపు నడిపిన మనిషికి పానా అంటే ఏమిటో ఇంకొకరు చెప్పాలా!

“పెద్దదా, చిన్నదా?” అని అడిగాడట మావయ్య.

“పెద్దదే ఇవ్వండి. పిల్లలందరూ పంచుకుంటారు.”

మావయ్యకి ముచ్చటేసింది. ఇన్నాళ్లకి పిల్లలకి పనికొచ్చే విద్య ఎవరో నేర్పుతున్నారు.

“మరి, శుభ్రంగా ఉండాలి,” అన్నారట సార్.

“నేను కిరసనాయిలు పెట్టి తుడుస్తాను, మీరేం భయపడకండి.”

ఇక్కడ సార్ కాసేపు ఏమీ మాట్లాడలేదట. తెలుగువాళ్ల వంట పద్ధతుల మీద ఆయనకి అప్పుడు ఏం అభిప్రాయం కలిగిందో మరి. చివరికి, “చల్లగా ఉంటే మంచిది,” అని పెట్టేశారు.

వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మాది. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. ఆ ఊళ్లోనే వాడుక భాష మా కొంప ముంచింది.

పొద్దున్న ఐదింటికి ఫ్రిజ్ తీస్తే పెరుగు గిన్నె పక్కన తడిగుడ్డలో ఏదో మూట ఉంది. అత్తయ్య కరివేపాకు దాచుకుందనుకున్నాను. వాడి మొహానికీ చేతులకీ సన్‌స్క్రీన్ రాశాను. ఎండలోకి వెళ్లే ముందు పదిహేను ఇరవై నిమిషాలైనా ఆరాలి కదా అని ఓ మూల కూర్చోబెట్టాను. మావయ్య వాడిని చూసి, “వీడికి సున్నం ఎవరు కొట్టారు?” అన్నాడు. ఆ గొడవలో బ్యాగు ఎవరు సర్దారో నేను చూసుకోలేదు. స్కూటీ ముందు పెడితే హ్యాండిల్ ఒక పక్కకి లాగేసింది. అప్పటికైనా తెరిచి చూడొచ్చు. ఆరు ఇరవై అయింది, తెరవలేదు.

తొమ్మిదిన్నరకి ఆఫీసులో ఫోన్ మోగింది.

“మేడమ్, కొంచెం రాగలరా? బాబుకి ఏమీ కాలేదు,” అని ఆగి, “మాకే అయింది,” అన్నారు సార్.

వెళ్లేసరికి డ్రాయింగ్ క్లాసు వరండాలోకి మారిపోయింది. హాల్లో ఫ్యాను రెక్కల నుంచి ఇంకా చుక్కలు పడుతున్నాయి. గోడ మీది ఒడిశా పటంలో కోరాపుట్ నుంచి బాలేశ్వర్ దాకా తరవాణి పారింది. సార్ మీసంలో ఒక మెతుకు, చొక్కా జేబులో కరివేపాకు రెబ్బ. పిల్లలంతా నవ్వలేక కడుపులు పట్టుకొని ఉన్నారు.

జరిగింది బుజ్జిగాడే చెప్పాడు, మూడు సార్లు, నటించి మరీ. మూత వాడికి రాలేదు. పక్క పిల్లాడికీ రాలేదు. సార్‌కి ఇస్తే ఆయనకీ రాలేదు. అప్పుడు మావాడు, “ఆగండి సార్, తాతయ్య పానా ఇచ్చాడు,” అని బ్యాగులోంచి మూరెడు పానా తీశాడు. మర తిప్పితే ఏ సైజుకైనా పట్టే రకం. ఫ్రిజ్‌లో ఉంచినందుకు ఇంకా చల్లగానే ఉందట. సార్ దాన్ని చూశారు. ముందురోజు ఫోన్లో కిరసనాయిలు మాట అప్పుడు అర్థమై ఉంటుంది. పాపం, తెలివైన మనిషే, పిల్లల్ని దూరంగా గోడ దగ్గర నిలబెట్టారు. తను మాత్రం సీసాని గుండెలకి ఆనించుకొని తిప్పారు.

“ఢాం అంది అమ్మా! మూత పైకెళ్లి ఫ్యానుకి తగిలి కిటికీలోంచి పోయింది!”

అందరూ బిగుసుకుపోయిన ఆ క్షణంలో సార్ మీసం మీదిది నాలుకకి తగిలిందట. “తొరాణి!” అన్నారట. ఇంకోసారి చప్పరించి, “ఉప్పు సరిపోయింది,” అన్నారట. అప్పుడు మావాడు జేబులో చెయ్యిపెట్టి, “సార్, ఉల్లిపాయ కూడా ఉంది,” అన్నాడు.

నేను క్షమాపణలు ఒడియాలో మొదలుపెట్టి తెలుగులో పూర్తిచేశాను. సార్ నవ్వేశారు. ఆ నవ్వులో నాకు కొంచెం భయం కూడా కనిపించింది.

ఇంట్లో పంచాయతీ పెట్టాను. అత్తయ్య, “నేను తాగడానికి ఇచ్చాను, పేల్చడానికి ఇచ్చానా?” అంది. మావయ్య, “వాళ్లు అడిగిందే పంపాను, పెద్దదే పంపాను, చల్లగా పంపాను,” అన్నాడు. ఒక్కో మాటకీ ఒక్కో వేలు మడిచాడు. పణా అంటే పానకం అని చెప్తే, “మరి పానకం అనొచ్చుగా!” అన్నాడు. విశాఖ నుంచి వీడియో కాల్లో విన్న మా ఆయన ఫోన్ కింద పెట్టేసి నవ్వుతున్నాడు. మాకు వాళ్లింటి పైకప్పే కనిపిస్తోంది.

మర్నాడు నేనే దగ్గరుండి మారేడు పండు గుజ్జు పిసికి, గింజలు తీసి, బెల్లం, మిరియాలపొడి కలిపి పణా చేశాను. సీసాలో పైన రెండు వేళ్ల ఖాళీ వదిలాను. మూత ఒక్క వేలితో వచ్చేలా పెట్టాను. బ్యాగు రెండుసార్లు వెతికి పంపాను.

సాయంత్రం సార్ ఫోన్. నేను స్పీకర్ పెట్టాను, అందరూ వినాలని.

“పణా చాలా బాగుంది మేడమ్, పిల్లలు ఒక్క చుక్క మిగల్చలేదు,” అన్నారు. తర్వాత కాస్త మొహమాటంగా, “నిన్నటి పానా ఇక్కడే ఉండిపోయింది. మా పెరట్లో కుళాయి నెల రోజులుగా కారుతోంది. రేపు తాతగారిని ఒకసారి పంపగలరా?” అన్నారు.

మావయ్య నా వైపు చూడలేదు. అత్తయ్య వైపు తిరిగి, “నే చెప్పలా, వాళ్లకి కావలసింది పానాయేనని!” అంటూ చొక్కా వెతుక్కోవడానికి లోపలికి వెళ్లాడు.