పెరిగింది ఎవరి బతుకు?

దేశంలో తయారయ్యే సరుకులు, సేవల మొత్తం విలువను లెక్కగట్టే స్థూల దేశీయోత్పత్తి (జీడీపీ) పెరిగిందన్న వార్తకు చప్పట్లు కొట్టేవారిని చూస్తే ఒళ్లు మండుతోంది. రోడ్డు ప్రమాదంలో కాలు విరిగి, ఆసుపత్రి బిల్లు కట్టి, బండిని మరమ్మతు చేయించి, పైగా లాయరుకు ఫీజు చెల్లిస్తే ఆ లెక్కకు బలం చేకూరుతుంది. మంచాన పడిన తల్లికి కూతురు ఏళ్ల తరబడి చేసే సేవకు మాత్రం అందులో దక్కేది సున్నా. ఇదేం లెక్క? జాతీయాదాయ గణనకు రూపమిచ్చిన ఆర్థికవేత్త సైమన్ కుజ్నెట్సే, ఆ అంకెను బట్టి ప్రజల సంక్షేమాన్ని అంచనా వేయడం కుదరదని 1934లో అమెరికా కాంగ్రెస్‌కు సమర్పించిన నివేదికలో హెచ్చరించాడు. వినిపించుకున్నదెవరు? 2019లో న్యూజిలాండ్ ప్రజల బాగోగులకు పెద్దపీట వేస్తూ సంక్షేమ బడ్జెట్ పేరిట ఒక అడుగైనా వేసింది. త్రైమాసిక అంకెలను పట్టుకుని వేలాడే ప్రభుత్వాల పట్టికల్లో, నిద్ర కరువైన ఉద్యోగి, ఊపిరాడని పసివాడు ఏ గడిలో కనిపిస్తారు?