ప్రేక్షకుడికి పని పెట్టే సీరియళ్లు

విజయనగరంలో ఇంజినీరింగ్ చదువుతున్న మా అన్నయ్య కొడుకు గది గోడ మీద ఒక వంశవృక్షం ఉంది. మా ఇంటిది కాదు, ‘డార్క్’ అనే జర్మన్ సీరియల్‌లోని నాలుగు కుటుంబాలది. 1953, 1986, 2019 అని మూడు వరుసలు, వాటి మధ్య ఎర్ర స్కెచ్‌పెన్ బాణాలు. ఒకచోట తల్లి నుంచి కూతురికి వెళ్లిన బాణం మళ్లీ కూతురి నుంచి తల్లికి వచ్చింది. పొరపాటు కాదు, కాలంలో ముందుకూ వెనక్కూ ప్రయాణించే ఆ కథలో నిజంగానే ఆ ఇద్దరూ ఒకరికొకరు తల్లులు. మేనరికాల చిక్కుముళ్లు విప్పి క్షణంలో వరసలు తేల్చే మన పెద్దవాళ్లకు సైతం ఇది కొరుకుడు పడదు.

పాఠాలకు లేని ఈ శ్రద్ధ సీరియల్‌కు ఎందుకు దక్కింది? కథ సగం పని అతనికి వదిలేసింది గనుక. అయితే చిక్కుముడి ఒక్కటే చాలదు. దాన్ని విప్పడానికి పనికొచ్చే నియమాలు ఉండాలి, వాటిని రచయితలే తప్పకూడదు.

ఆ నియమాలు పెద్ద బడ్జెట్ల నుంచే రానక్కర్లేదు. 1966లో మొదలైన అమెరికన్ సీరియల్ ‘స్టార్ ట్రెక్’లో వ్యోమనౌకను వారానికో గ్రహం మీద దింపి చూపడానికి డబ్బు చాలదు. అందుకే మనుషులను ఇక్కడ మాయం చేసి అక్కడ తేల్చే యంత్రాన్ని కల్పించారు. అది చెడిపోతే? ఆ ప్రశ్నతోనే కెప్టెన్ ఇద్దరిగా చీలిపోయే కథ పుట్టింది. అదే ఏడాది బ్రిటన్‌లో ‘డాక్టర్ హూ’ కథానాయకుడు విలియం హార్ట్‌నెల్ ఆరోగ్యం దెబ్బతింది. మన సీరియళ్లయితే ‘ఇకపై ఈ పాత్రలో ఫలానా నటుడు’ అని తెర కింద ఒక పంక్తి వేసి ఊరుకుంటాయి. వాళ్లు మాత్రం నటుడి మార్పును కథలోకే తెచ్చారు: చావు దగ్గరపడితే ఆ పాత్ర కొత్త శరీరం ధరిస్తుంది. 1989లో ఆగిపోయిన ఆ సీరియల్‌ను 2005లో మళ్లీ నిలబెట్టిన రసెల్ టి. డేవిస్ చిన్నప్పటి నుంచీ దాని అభిమానే.

మన పౌరాణిక, నాగకన్యల సీరియళ్లకు ప్రేక్షకులు తక్కువేమీ కాదు. కానీ సోమవారం పనిచేసిన శాపం గురువారం రేటింగు కోసం పనిచేయడం మానేస్తే, గోడ మీద బాణాలు గీసేవాడు ఎవడు?

ఇంకొకటి కావాలి, వ్యవధి. ‘స్టార్ ట్రెక్’కు రేటింగులు అంతంతమాత్రమే. అభిమానుల ఉత్తరాల వెల్లువ నడుమ మూడో సీజన్ వచ్చింది, 1969లో ఆట ముగిసింది. అసలు అభిమానం ఊపందుకున్నది ఆ తర్వాతే, స్థానిక చానళ్లు పాత ఎపిసోడ్లనే తిప్పి తిప్పి వేసినప్పుడు. 1976లో అమెరికా తన తొలి స్పేస్ షటిల్‌కు ఆ సీరియల్‌లోని నౌక పేరే, ఎంటర్‌ప్రైజ్ అని, పెట్టడానికి కారణం కూడా ఆ అభిమానుల ఉత్తరాలే.

ఇప్పటి ఓటీటీలకు అంత ఓపిక లేదు. ‘డార్క్’ తీసినవాళ్లే తర్వాత ‘1899’ తీశారు. ఒక్క సీజన్ 2022 నవంబరులో వచ్చింది. 2023 జనవరికల్లా రద్దయింది. ముడి వేశారు, విప్పే అవకాశమే ఇవ్వలేదు.