‘మార్కులొక్కటే న్యాయం’ అనేవారికి డబ్బు సీట్లు కనిపించవా?

వైద్య కళాశాలల ప్రవేశ పరీక్ష నీట్ ఫలితాలు వచ్చిన ప్రతిసారీ నల్లగొండ, పాలమూరు వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతుంది. అందులోని మాట ఇది: అందరూ రాసేది ఒకే ప్రశ్నపత్రం కాబట్టి మార్కులొక్కటే న్యాయం, రిజర్వేషన్లు, స్థానిక కోటా ప్రతిభను తొక్కేస్తున్నాయి, రిజర్వేషన్ల ఫలం కొన్ని కుటుంబాలకే చేరుతోంది, రేపు మీ గుండెకు ఆపరేషన్ చేసేది తక్కువ మార్కుల డాక్టరే. పంపేవారిలో చదువుకున్నవారే ఎక్కువ కాబట్టి జవాబు చెప్పక తప్పదు.

మొదట ఆ ఆపరేషన్ భయం సంగతి. ఎంబీబీఎస్‌లో సీటు రాగానే ఎవరూ కత్తి పట్టుకోరు. నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్ ఉంటాయి. పరీక్షలు పెట్టే కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం ఓపెన్ సీటు వారికొక పేపరు, రిజర్వేషన్ సీటు వారికొక పేపరు ఇవ్వదు. పాస్ మార్కు కూడా అందరికీ ఒక్కటే. గుండె కోయాలంటే ఆపైన సర్జరీలో పీజీ అయిన ఎంఎస్, తర్వాత సూపర్ స్పెషాలిటీ అయిన ఎంసీహెచ్ కూడా దాటాలి. ఇంటర్ వయసులో తప్పిన ఫిజిక్స్ లెక్క అంతదూరం వెంటాడదు.

‘తక్కువ మార్కుల వారికి సీట్లు’ అన్న ఆరోపణ దగ్గర కాస్త ఆగుదాం. తెలంగాణలోని ప్రైవేటు వైద్య కళాశాలల్లో సగం సీట్లు తక్కువ ఫీజుతో, రిజర్వేషన్లతో నిండే కన్వీనర్ కోటావి. మిగతా సగంలో, మొత్తం సీట్ల లెక్కన 35 శాతం బి కేటగిరీ (మేనేజ్‌మెంట్ కోటా), 15 శాతం ఎన్ఆర్ఐలకు ఉద్దేశించిన సి కేటగిరీ. బి కేటగిరీ ఫీజు ఏడాదికి పది లక్షలు దాటుతుంది. సి కేటగిరీది అంతకు రెట్టింపు దాకా పోతుంది. 2025లో నీట్ జనరల్ అర్హత మార్కు 720కి 144. ఆ గీత దాటి, దగ్గర డబ్బూ ఎన్ఆర్ఐ బంధువూ ఉంటే సి కేటగిరీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. అవే 144 మార్కులతో దేవరకొండ తండా అమ్మాయి ఎస్టీ కోటాలో ప్రభుత్వ సీటు మీద ఆశ పెట్టుకోలేదు. 2023లో పీజీ సీట్లు నిండలేదని నీట్ పీజీ అర్హతను అన్ని వర్గాలకూ సున్నా పర్సంటైల్‌కు దించారు, అంటే పరీక్ష రాసిన అందరూ అర్హులే. ఆ వారం ప్రతిభ గురించి ఏ సందేశమూ రాలేదు!

ఇక ఒకే ప్రశ్నపత్రం మాట. నీట్‌లో ఒక్క ప్రశ్న తప్పితే రావలసిన నాలుగు మార్కులు పోవడమే కాదు, ఇంకొకటి కోత పడుతుంది. ర్యాంకులు కిక్కిరిసి ఉండే చోట ఆ అయిదు మార్కులకు వేల స్థానాలు కిందికి జారిపోవచ్చు. హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి రెండోసారి, మూడోసారి లాంగ్‌టర్మ్ కోచింగ్ తీసుకున్న అబ్బాయిదీ, అమ్మానాన్నలు వలస పోతే ప్రభుత్వ జూనియర్ కళాశాలలో చదివి తొలిసారి రాసిన అమ్మాయిదీ పేపరు ఒకటే. దాని వెనుక ఖర్చు ఒకటి కాదు. పరీక్షలో వచ్చిన మార్కులే ప్రతిభ అనుకోవద్దని సుప్రీంకోర్టు 2022 జనవరిలో, అఖిల భారత కోటాలో ఓబీసీ రిజర్వేషన్లను సమర్థిస్తూ చెప్పింది కూడా.

స్థానిక కోటా గురించి క్లుప్తంగా: మన జిల్లాలకు ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చిందే ఈమధ్య. మహబూబ్‌నగర్ ప్రభుత్వ వైద్య కళాశాల 2016లో, నల్లగొండ, సూర్యాపేటలవి 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తివి 2022లో మొదలయ్యాయి. ప్రభుత్వ కళాశాలల్లో 15 శాతం సీట్లు అఖిల భారత కోటాకే పోతాయి. దేశంలో ఎవరైనా వాటికి పోటీ పడవచ్చు. మిగతావి ఇక్కడ చదివినవారికి ఉంచడంలో తప్పేముంది? ఇంటర్ దాకా వరుసగా నాలుగేళ్లు తెలంగాణలో చదివినవారే స్థానికులన్న నిబంధనను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. స్థానికులైనంత మాత్రాన అందరూ మర్రిగూడకో అమ్రాబాద్‌కో వెళ్లి పనిచేస్తారని నేను చెప్పను. చాలామంది హైదరాబాద్ దారే పడతారు. అయినా ఆ ఊళ్లకు వచ్చే అవకాశం వీరికే కాస్త ఎక్కువ అని నా నమ్మకం.

సందేశంలో ఒక్క మాటకు మాత్రం విలువ ఉంది. రిజర్వేషన్ల ఫలం తరం తరం కొన్ని కుటుంబాలకే చేరుతోందన్న ప్రశ్న న్యాయమైనదే. దానికి మందు కోటాను ఎత్తివేయడం కాదు. మార్కులతో పాటు ఇంటర్వ్యూలు పెట్టాలని కొందరంటారు. మన దగ్గర అది పైరవీలకు తలుపు తెరవడమే అవుతుంది. తమిళనాడు 2020లో నీట్ అర్హత సాధించిన ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు 7.5 శాతం సీట్లు కేటాయించింది. గురుకులాలు, కస్తూర్బా విద్యాలయాలు, సర్కారు జూనియర్ కళాశాలల్లో చదివినవారికి తెలంగాణలోనూ అలాంటి వాటా ఇవ్వవచ్చు. ఆ వాటాలోనూ సీటు వచ్చేది నీట్ ర్యాంకు ప్రకారమే. మార్కులొక్కటే న్యాయం అనేవారు దీనికి ఏమంటారో చెప్పాలి.