కొసరు నాలుగు

"స్పెషల్ ఎటాక్‌లో 252, స్పీడ్‌లో 252, మిగిలిన నాలుగూ హెచ్‌పీలో పడేయి."

పోకెమాన్ వీడియో గేమ్ పోటీలకు దూకుడుగా కొట్టే యోధుణ్ణి తయారు చేయడమెలా అని ఎవరిని అడిగినా వచ్చే జవాబు ఇదే. కొట్టేది ఒంటితో అయితే స్పెషల్ ఎటాక్ స్థానంలో ఎటాక్ అంటారు, అంతే తేడా. చారిజార్డ్‌కైనా ఇదే మందు, గార్చోంప్‌కైనా ఇదే మందు. మా చిన్నప్పుడు ఊళ్లో ఒక కాంపౌండరు జ్వరానికీ కాలు బెణికినదానికీ ఒకే ఎర్ర అరకు పోసేవాడు. ఆయన కనీసం నాడి పట్టుకున్నట్టు నటించేవాడు.

మొదటి రెండు అంకెలతో నాకు పేచీ లేదు. నా గొడవంతా ఆ నాలుగుతో. ఇంకా సూటిగా చెప్పాలంటే, "పడేయి" అన్న ఆ క్రియతో.

తెలియనివారికి రెండు ముక్కలు. హెచ్‌పీ అంటే పోకెమాన్ ప్రాణం, అది సున్నా అయితే పడిపోతుంది. ఒక పోకెమాన్‌కు ఇవ్వగల శిక్షణ పాయింట్లు, ఆటగాళ్ల మాటలో ఈవీలు, మొత్తం 510. ఒక్కో గుణానికి 252 మించి కుదరవు. రెండు చోట్ల నిండా పోస్తే 504 ఖర్చయి ఆరు మిగులుతాయి. అందులో నాలుగు ఎక్కడ వేసినా ఒక్క పాయింటు పెరుగుతుంది. అంటే కూరగాయల బండివాడు కొసరుగా విసిరే కరివేపాకు రెబ్బ. చివరి రెండు మాత్రం దేనికీ కొరగావు. కిరాణా కొట్టులో చిల్లరకు బదులు చేతిలో పెట్టే చాక్లెట్టుతో సమానం.

మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఒక యువ పండితుడు ఉన్నాడు. ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. అడగని సలహా ఇవ్వడం ఆయన జన్మహక్కు. మా అక్క కొడుక్కి పదకొండేళ్లు. వేసవి సెలవులకు మా ఇంటికి వచ్చి, లిఫ్టులో ఆ పండితుడి కంటపడ్డాడు. చేతిలో 2019 నాటి పోకెమాన్ సోర్డ్ ఆట ఉంది. ఇంకేముంది, గురుశిష్య సంబంధం ఏర్పడిపోయింది.

వాడి దగ్గర ఒక చారిజార్డ్ ఉండేది. ఆ ఆటలో ఛాంపియన్ లియోన్‌ను ఓడించి కథ ముగించాక, లియోన్ గదిలో ఒక చార్మాండర్, అంటే పెరిగి చారిజార్డ్ అయ్యే పిల్ల, కానుకగా దొరుకుతుంది. మావాడు దాన్ని తెచ్చుకుని, మిరపకాయ అని పేరు పెట్టుకుని, నూరో స్థాయి దాకా పెంచాడు. పండితుడు దాని వివరాలు ఒకసారి చూశాడు. పెదవి విరిచాడు.

"నేచర్ అడమెంట్ వచ్చింది తమ్ముడూ. ఇది చెత్త. వదిలేయి, కొత్తది పొదిగించుకుందాం."

రోగ నిర్ణయం వరకు తప్పు పట్టలేం. నేచర్ అంటే పోకెమాన్ స్వభావం. అడమెంట్ అయితే ఎటాక్ పదోవంతు పెరిగి, స్పెషల్ ఎటాక్ పదోవంతు తగ్గుతుంది. నిప్పు ఊది బతికే జీవికి అది అడ్డమే. చికిత్స సంగతికి తర్వాత వస్తాను, అప్పటిదాకా నా కోపాన్ని మూత పెట్టి ఉంచుతాను.

మిరపకాయను వదిలేశారు. గుడ్లు పెట్టించారు, ఆటలో సైకిలెక్కి తిరిగి తిరిగి పొదిగించారు. నచ్చని పిల్లల్ని డబ్బాలో పడేసి, చివరికి స్పీడ్ పెంచి ఎటాక్ తగ్గించే టిమిడ్ నేచర్ ఉన్న ఒక పిల్లను ఎంచుకున్నారు. అసలు తపస్సు అప్పుడు మొదలైంది. స్పీడ్‌లో 252 నింపాలి. ఒక మ్యాజికార్ప్‌ను ఓడిస్తే ఒక స్పీడ్ ఈవీ వస్తుంది. కాబట్టి, పండితుడు సెలవిచ్చాడు, 252 మ్యాజికార్ప్‌లు.

మ్యాజికార్ప్‌ను ఎరగనివారు ధన్యులు. అది ఒక ఎర్ర చేప. దానికి పుట్టుకతో వచ్చిన విద్య పేరు స్ప్లాష్, అంటే ఎగిరి పడటం. ఆ విద్య ఫలితం ఏమీ ఉండదు. ఏమీ జరగలేదని ఆటే ఒప్పుకుంటుంది. అలాంటి చేపను గాలం వేసి పైకి లాగడం, నిప్పు ఊది మూర్ఛపోగొట్టడం, మళ్లీ గాలం వేయడం. మూడు సాయంత్రాలు మా ఇంటి సోఫాలో ఇదే జరిగింది. మావాడు లెక్కల పుస్తకం చివరి పేజీలో చేపకొక గీత గీశాడు. నాలుగు నిలువు గీతలు, వాటి మీద ఒక అడ్డ గీత. అరవై మూడో చేప దగ్గర మా అక్క ఫోను చేసి హోంవర్క్ సంగతి అడిగింది. లెక్కలు చేస్తున్నాడని చెప్పాను. అది అబద్ధమని నేటికీ అనుకోను. నూట పదకొండో చేప దగ్గర వాడికి కునుకు పట్టింది. మేలుకున్నాక చివరి గీత గీశాడో లేదో గుర్తులేదు. గురువుగారికి ఫోను చేశాడు. "అనుమానం ఉంటే ఇంకో చేపను కొట్టు" అని ఆజ్ఞ. కొట్టాడు. ఏ పాపమూ ఎరగని ఆ అదనపు చేప ఎందుకు దెబ్బ తిన్నదో దానికి ఎవరూ చెప్పలేదు. ఇరవయ్యో స్థాయికి చేరితే అదే చేప గ్యారడోస్ అనే మహాసర్పంగా మారుతుంది. మారాక మా సోఫా దాకా వచ్చి జవాబు అడిగితే నేనైతే పండితుడి ఫ్లాట్ నంబరు ఇస్తాను.

కదలలేని చేపను కొడితే వేగం ఎలా వస్తుందన్నది వేదాంతం, నా బుద్ధికి అందదు. స్పెషల్ ఎటాక్ కోసం ఇంకేవో జీవుల మీద పడ్డారు, ఆ కథ వదిలేద్దాం.

చివరికి ఆ కొసరు నాలుగు. "హెచ్‌పీలో పడేయి." పడేశాడు.

ఆపైన అలంకరణ. కొత్త చారిజార్డ్‌కు చాయిస్ స్పెక్స్ అనే కళ్లద్దాలు తొడిగారు. వాటితో స్పెషల్ ఎటాక్ ఒకటిన్నర రెట్లవుతుంది. కానీ మొదట ఏ విద్య వాడితే దానికే కట్టుబడి ఉండాలి. వేరేది వాడాలంటే మైదానం నుంచి వెనక్కి వచ్చి మళ్లీ వెళ్లాలి. "దీన్ని దాటి ఎవరూ ముందు కొట్టలేరు" అని పండితుడు ఆశీర్వదించాడు. యాభయ్యో స్థాయిలో దాని వేగం 167. అంతే కష్టపడి, స్పీడ్ పెంచే జాలీ నేచర్‌తో పెంచిన గార్చోంప్ వేగం 169. కానీ ఆశీర్వాదంలో అంకెలు వెతకకూడదు.

ఆదివారం మావాడి స్కూలు మిత్రుడు వచ్చాడు. ఇద్దరికీ చెరి మూడు పోకెమాన్లు, యాభయ్యో స్థాయి, డైనమాక్స్, అంటే కాసేపు కొండంతగా పెరిగే విద్య, వద్దని ఒప్పందం. ఆ పిల్లవాడి ఫెరోథార్న్ మొదటి వంతులోనే స్టెల్త్ రాక్ పరిచింది. 2006 నుంచి పోకెమాన్ పోటీల్లో ఉన్న విద్య అది. అవతలివైపు గాలిలో రాళ్లు వేలాడతాయి, కొత్తగా ఎవరు అడుగుపెట్టినా గుచ్చుకుంటాయి. నిప్పు జాతికి రెట్టింపు నొప్పి, ఎగిరే జాతికి రెట్టింపు నొప్పి. చారిజార్డ్ రెండూ. కాబట్టి అడుగుపెట్టిన ప్రతిసారీ దాని పూర్తి హెచ్‌పీలో సగం పోతుంది. ఒక్క దెబ్బ పడకుండానే.

మావాడి మొదటిది పడిపోయింది, చారిజార్డ్ వచ్చింది. 154లో 77 రాళ్లకు సమర్పించి, ఫైర్ బ్లాస్ట్‌తో ఎదుటి ఒకదాన్ని కాల్చింది. ఆ స్థానంలో నీటి జాతిది వచ్చింది. కళ్లద్దాల వల్ల నిప్పు తప్ప గతి లేదు. వెనక్కి పిలిచి మూడోదాన్ని పంపాడు. అది నీటిదాన్ని పడగొట్టి, ఫెరోథార్న్ చేతిలో పడిపోయింది.

ఇప్పుడు అటు ఫెరోథార్న్ ఒక్కటే. ఇటు చారిజార్డ్ ఒక్కటే. ఫెరోథార్న్ గడ్డి జాతీ ఉక్కు జాతీ కలిసిన జీవి, నిప్పు తగిలితే నాలుగు రెట్లు కాలుతుంది. వేగంలో నత్తకు మేనమామ. నేను కాఫీ గ్లాసు పట్టుకుని లేచి నిలబడ్డాను. చారిజార్డ్ గర్జించి మైదానంలోకి దిగింది. రాళ్లు గుచ్చుకున్నాయి. 77లో 77 పోయాయి.

సున్నా. అద్దాలు పెట్టుకుని, 252 చేపల వేగంతో, నిప్పు నోట్లోనే ఉండగా నేలకొరిగింది.

ఆ రాత్రి కాగితం మీద లెక్క వేశాను. ఆ నాలుగు వేయకపోతే హెచ్‌పీ 153. సగం 76న్నర, ఆట ఆ అరను వదిలేసి 76 తీసుకుంటుంది. రెండుసార్లు దిగితే 152. ఒక్కటి మిగిలేది. ఒక్కటంటే అలాంటిలాంటి ఒక్కటి కాదు. హెచ్‌పీ మూడోవంతుకు పడిపోతే చారిజార్డ్‌కు బ్లేజ్ అనే గుణం రగులుతుంది, నిప్పు దెబ్బ ఒకటిన్నర రెట్లవుతుంది. ఫైర్ బ్లాస్ట్ నూటికి 85 సార్లే తగులుతుంది, ఆ రోజు గురి తప్పేదేమో. తప్పనీ! ఊదే అవకాశమైనా దక్కేది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడింది. ప్రాణం ఒక పాయింటు పెంచి ప్రాణం తీశారు.

పండితుడికి చెబితే ఏమన్నాడో తెలుసా? "లక్ కలిసిరాలేదు అంకుల్."

లక్కా? 154 సరిసంఖ్య. సరిసంఖ్యను రెండుతో భాగిస్తే శేషం మిగలదు. ఇది అదృష్టం కాదు నాయనా, మూడో తరగతి. సరే, అదీ క్షమిస్తాను. అదే ఆటలో హెవీ డ్యూటీ బూట్స్ ఉన్నాయి, తొడిగితే ఏ రాయీ గుచ్చుకోదు. చెప్పలేదు. పవర్ యాంక్లెట్ అని కాలికి కట్టేది ఒకటి ఉంది, చేపకు ఒకటి బదులు తొమ్మిది ఈవీలు వస్తాయి. 28 చేపలతో 252 సరిగ్గా నిండేవి. మూడు సాయంత్రాలు! చెప్పలేదు. ఎందుకంటే తెలియదు. తెలియదని ఒప్పుకుంటే పాండిత్యం చెడుతుంది.

దాన్నీ క్షమిద్దును. కానీ అదే ఆటలో మింట్ అనే ఆకు ఉంది. టిమిడ్ మింట్ ఒక్కటి తినిపిస్తే అడమెంట్ పోకెమాన్ గుణాలు టిమిడ్‌లాగా మారిపోతాయి. మిరపకాయను వదిలేయాల్సిన పనే లేదు. ఒక్క ఆకు! వదిలేసినది మళ్లీ రాదు. పైగా లియోన్ ఇచ్చినది జైగాంటమాక్స్ కాగలది, అంటే డైనమాక్స్‌లో ప్రత్యేక రూపం ఎత్తగలది, పొదిగించినది పుట్టుకతో కాలేదు. రెండువిధాలా మేలైనదాన్ని ఒక పిల్లవాడి చేత వాడి చేతులతోనే పారవేయించి, ఒక్కసారి కూడా కూడిక, తీసివేత చేయకుండా, "చెత్త" అన్న మాట వాడి చెవిలో వేసి, లిఫ్టెక్కి వెళ్లిపోయాడు. ఆ రాత్రి పడుకునే ముందు వాడు నన్ను అడిగాడు: "మామయ్యా, వదిలేసినవి ఎక్కడికి వెళతాయి?" నాకు జవాబు తెలియలేదు. నేను తెలియదనే చెప్పాను.

లెక్క చేసుకున్నవాడు ఉడుతతోనూ గెలుస్తాడు. 2014 ప్రపంచ పోటీల్లో దక్షిణ కొరియాకు చెందిన సేజున్ పార్క్ పచిరిసు అనే ఉడుతను దించాడు. దాని మూల ఎటాక్ 45. అది దెబ్బలు తన మీదికి లాక్కుంటూ నిలబడింది, ఆయన ఛాంపియన్ అయ్యాడు. ఈ మాట పండితుడికి చెబితే, ఉడుతకు కూడా 252, 252 పోసి మిగిలిన నాలుగూ ఎక్కడ పడేయాలో చెబుతాడన్న భయంతో చెప్పలేదు.

నిన్న ఆయనే వచ్చాడు. నా కాగితం చూపించాను. చాలాసేపు చూశాడు. 153, 76, 76, ఒకటి. మొహంలో ఏదో వెలిగింది.

"అయితే ఆ నాలుగూ డిఫెన్స్‌లో పడేద్దాం అంకుల్."

"వేద్దాం" అన్నాను.

తల ఊపి గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. "మరి చివరి రెండూ?"

"అవి నీవే నాయనా. జేబులో వేసుకుని వెళ్లు."