కార్డు చుక్కలు చూపించింది, పిండి పులిసింది

నా కంప్యూటర్‌లో ఉన్నది జీటీఎక్స్ 1650 అనే గ్రాఫిక్స్ కార్డు, అంటే గేముల బొమ్మలు గీసి స్క్రీన్ మీదికి పంపేది. 2019లో వచ్చిన కార్డు, 4 జీబీ మెమరీ. పవర్ సప్లై నుంచి విడిగా వైరు కూడా అడగదు, మదర్‌బోర్డు స్లాట్ ఇచ్చే 75 వాట్లతోనే సర్దుకుపోయే సాధు జీవి. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ సామాన్ల బజారు సీటీసీలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. కొత్త కార్డు కొనే స్తోమత లేనివాడి చెవిన ఓవర్‌క్లాకింగ్, అంటే ఉన్న కార్డునే కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువ పరిగెత్తించడం, అనే మాట పడితే ఇంక్రిమెంట్ లెటర్ చేతికొచ్చినంత సంబరం. ఒక సాఫ్ట్‌వేర్‌లో రెండు స్లైడర్లు కుడికి జరపాలి, ఫ్రేములు (గేమ్‌లో సెకనుకు కనబడే బొమ్మలు) పెరుగుతాయి, పైసా ఖర్చు లేదు!

కోర్ క్లాక్‌ను, అంటే కార్డులోని చిప్పు వేగాన్ని, 25 మెగాహెర్ట్జ్ చొప్పున పెంచుకుంటూ, ప్రతిసారీ టెస్ట్ పెట్టి చూసుకుంటూ, అది కుదురుకున్నాకే మెమరీ జోలికి వెళ్లాలని తెలిసినవాళ్లు చెబుతారు. నాకంత ఓపిక ఎక్కడిది? మా ఆఫీసులో ఒకడు ఇదే కార్డుకు కోర్ 150, మెమరీ 900 మెగాహెర్ట్జ్ పెంచానన్నాడు, నేనూ అవే అంకెలు కొట్టేశాను. ఒకే చెట్టు మామిడికాయల్లోనే ఒకటి తియ్యగా ఉంటే ఇంకొకటి నోట్లో పెట్టలేం, చిప్పులూ అంతే, కానీ ఆ క్షణంలో అదేదీ గుర్తు రాలేదు. కార్డు ఎంత కరెంటు తాగొచ్చో చెప్పే పవర్ లిమిట్ స్లైడర్ మాత్రం ఎంత లాగినా 100 శాతం దాటనని మొండికేసింది. ఇంట్లో తెలివిగా ప్రవర్తించింది అదొక్కటే.

గేమ్ పెట్టాను. మంచి ఎండలో నడిచే సీను, నీలాకాశం నిండా ఆకుపచ్చ చుక్కలు. పట్టపగలే చుక్కలు చూపించడం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. అంటే మెమరీ అప్పటికే తప్పులు చేస్తోందన్నమాట. చూస్తుండగానే స్క్రీన్ నల్లబడి, ఫ్యాన్ ఒక్కసారిగా గయ్‌మంది.

"ఏంట్రా ఆ చప్పుడు, ఈ టైంలో మిక్సీ వేశావా?" అని వంటింట్లోంచి అమ్మ.

రీస్టార్ట్ చేస్తే సరిపోయేదే. కానీ కంప్యూటర్ ఆన్ అవ్వగానే ఇవే సెట్టింగ్స్ పెట్టమని ఒక టిక్ బాక్స్ ఉంటుంది, అసలు టెస్ట్ చేయకముందే నేను దానికి టిక్ పెట్టి కూర్చున్నాను. ఇక చూడండి, పాస్‌వర్డ్ కొట్టడం, డెస్క్‌టాప్ రావడం, పది సెకన్లకు నలుపు. మళ్లీ పాస్‌వర్డ్, మళ్లీ నలుపు. నాన్న పేపర్లోంచి తల ఎత్తకుండానే "కరెంటు పోయిందా?" అన్నారు. చివరికి బూట్ అవుతుండగా పవర్ బటన్ నొక్కిపట్టి మూడుసార్లు పీక నొక్కితే విండోస్ రిపేర్ స్క్రీన్‌కొచ్చింది, అక్కణ్నుంచి అదనపు ప్రోగ్రాములేవీ లేకుండా తెరుచుకునే సేఫ్ మోడ్‌లోకి దూరి, ఆ స్లైడర్ల సాఫ్ట్‌వేర్ దాచుకున్న సెట్టింగ్స్ ఫైళ్లన్నీ తుడిచిపారేశాను.

బుద్ధొచ్చింది. ఈసారి పద్ధతిగా, 25, 50, 75 అంటూ వెళ్లి, కోర్ 125 దగ్గర, మెమరీ 300 దగ్గర ఆగాను. ఇంతకు ముందు 41 వచ్చే చోట 44 ఫ్రేములు. మూడు ఫ్రేములండీ! పగలంతా పరీక్షిస్తే 68 డిగ్రీలు దాటలేదు. రాత్రి కార్డును ఆపకుండా పనిచేయించే స్ట్రెస్ టెస్ట్ పెట్టి, వేడి ఎంతుందో లాగ్ రాసుకోమని చెప్పి పడుకున్నాను. పొద్దున లేచి, దూదిలాంటి ఇడ్లీలు తింటూ లాగ్ తెరిస్తే 83 డిగ్రీలు. వేడి తట్టుకోలేక కార్డు తన క్లాక్ తనే తగ్గించేసుకుంది, ఓవర్‌క్లాక్ చేయకముందుకంటే అన్యాయం.

దుమ్మేమో అనుకుని బ్రష్‌తో దులిపాను. కార్డు విప్పితే చిప్పు వేడిని బయటికి లాగే పాత థర్మల్ పేస్ట్ ఎండిపోయిన సున్నంలా రాలింది, కొత్తది రాశాను. పగలు 64కి దిగింది, రాత్రి మళ్లీ 80. అన్ని రాత్రులూ కాదు, వారానికి రెండు. రాత్రిళ్లు వోల్టేజ్ తేడా ఉంటుందేమోనని స్టెబిలైజర్ కొన్నాను, పైసా ఖర్చు లేదన్నాను కదా, ఆ లెక్కలో ఇది కలపలేదు. గ్రాఫ్ మాత్రం విచిత్రంగా ఉండేది. పదింపావుకి ఎక్కడం మొదలు, తెల్లవారుజామున సరిగ్గా ఐదున్నరకి ఎవరో స్విచ్ కట్టేసినట్టు కిందికి. మా వీధిలో ఐదున్నరకి వచ్చేది పాలవాడొక్కడే. పాలవాడికీ నా గ్రాఫిక్స్ కార్డుకీ ఉన్న సంబంధం గురించి నేను నిజంగానే రెండు రోజులు ఆలోచించాను.

మూడో రోజు రాత్రి పదిన్నరకి మంచినీళ్ల కోసం లేచాను. హాల్లో మూలనున్న కంప్యూటర్ డబ్బా మీద, సరిగ్గా వేడిగాలి బయటికొచ్చే చిల్లుల మీద, మడతపెట్టిన పాత తువ్వాలు. దాని మీద మూతపెట్టిన పెద్ద స్టీలు గిన్నె. మూత తీస్తే ఇడ్లీ పిండి, నురుగుతో పొంగి అంచుదాకా వచ్చి ఉంది.

"అమ్మా, ఇదేంటి?"

"చలికి పిండి పులవట్లేదురా. దాని మీద వెచ్చగా ఉందని నెల్నాళ్లుగా పెడుతున్నా. ఇడ్లీలు దూదిలా ఉన్నాయని నువ్వే కదా అన్నావు?"

అన్నాను. నాలుగుసార్లు అన్నాను. కోడిపిల్లలకు బల్బు పెట్టినట్టు 75 వాట్లు పెట్టి ఇడ్లీ పిండి పొదిగింది నేనే, ఆ మాటకొస్తే ఈ ఓవర్‌క్లాక్ వల్ల నాకు దక్కింది మూడు ఫ్రేములు, ఇంటిల్లిపాదికీ దక్కింది ఇడ్లీలు. గిన్నె దింపి వంటింట్లో పెట్టించాను. అసలీ గొడవే వద్దని క్లాకులన్నీ సున్నాకి తెచ్చి, రాత్రిళ్లు కంప్యూటర్ కట్టేసి పడుకోవడం మొదలుపెట్టాను.

తర్వాతి ఇడ్లీలు గోడకేసి కొడితే గోడకే దెబ్బ తగిలేలా వచ్చాయి. నాన్న ఒకటి కొరికి, నా వైపు ఒక చూపు చూసి, పేపర్ తీసుకుని లేచిపోయారు. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి అమ్మ నా కుర్చీ పక్కనే నిలబడి ఉంది, చేతిలో అదే తువ్వాలు.

"పప్పు నానబోశాను. రాత్రికి ఆ క్లాకేదో కాస్త పెంచి పడుకోరా."