‘టైరు పేలింది’తో కేసు మూసేస్తారా?

ఈ వారం ప్రాణాలు తీసిన కారు ప్రమాదానికీ మళ్లీ అదే వాక్యం. ‘టైరు పేలడంతో అదుపు తప్పిన కారు.’ హనుమకొండ నుంచి ములుగు వైపు వెళ్లినా, జనగామ వైపు వెళ్లినా, కరీంనగర్ వైపు వెళ్లినా ఎండాకాలంలో పోలీసులు చెప్పేది అదే, విలేకరులు పంపేది అదే, మేము అచ్చువేసేదీ అదే. వివరాలు పాఠకులకు తెలిసినవే. అంత్యక్రియలు అయిపోయాయి. నుజ్జయిన కారు ఠాణా ఆవరణకు చేరింది. పంచనామా రాశారు. ఆ టైరు ఏ ఏడాది తయారైందో, గాడి ఎంత లోతు మిగిలిందో, మిగతా మూడు టైర్లలో గాలి ఎంత ఉందో రాసిన కాగితం మాత్రం ఎవరి దగ్గరా కనిపించడం లేదు.

మమ్మల్ని కలవరపెడుతున్నది ఇదే. ‘టైరు పేలింది’ అనగానే అక్కడితో ప్రశ్నలు ఆగిపోతున్నాయి. పిడుగు పడిందన్నట్టు, ఊరికి వరద వచ్చిందన్నట్టు చెప్పి ఊరుకుంటున్నారు. యజమానికి నింద లేదు, పాత టైరు అమ్మిన దుకాణానికి నింద లేదు, వాహనాన్ని ఏనాడూ వంగి చూడని అధికారికి నింద లేదు. పోయినవారి తలరాత మీద భారం వేసి అందరూ ఇళ్లకు వెళ్లిపోతున్నారు.

ఈ వాదన న్యాయస్థానంలో నిలవలేదన్న సంగతి మన జిల్లాల అధికారులు తెలుసుకోవాలి. 2010లో మహారాష్ట్రలో టైరు పేలి జరిగిన ఒక ప్రమాదంలో బీమా సంస్థ ఇదే మాట చెప్పింది. అది దైవఘటన, పరిహారం మేమెందుకు ఇవ్వాలని వాదించింది. 2023లో బొంబాయి హైకోర్టు ఆ అప్పీలును కొట్టివేసింది. అతివేగం, గాలి తక్కువ కావడం, ఎక్కువ కావడం, వాడేసిన టైర్లు, వేడి వంటి కారణాల వల్ల టైరు పేలుతుందని, ప్రయాణానికి ముందు టైరు స్థితి చూసుకోవాల్సింది డ్రైవరు లేదా యజమానేనని, అది మనిషి నిర్లక్ష్యమేనని స్పష్టంగా చెప్పింది. న్యాయస్థానం దేవుడి మీద నుంచి దించిన నేరాన్ని మన పంచనామాలు మళ్లీ దేవుడి మీదకే ఎక్కిస్తున్నాయి.

అసలు టైరు ఎందుకు పేలుతుంది? కారు ఎంత పెద్దదైనా ఒక్కో టైరు రోడ్డును తాకేది ఇంచుమించు అరచేయంత మేర. బరువు మోసేది ప్రధానంగా లోపలి గాలి. ఆ గాలి తగ్గితే టైరు పక్కగోడ ప్రతి చుట్టుకూ నలిగి మళ్లీ లేస్తుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో మామూలు కారు టైరు నిమిషానికి 800 సార్లకు పైగా తిరుగుతుంది. ఇనుప తీగను అటూ ఇటూ వంచితే వంపు దగ్గర ఎలా వేడెక్కుతుందో, నిమిషానికి అన్నిసార్లు నలిగే రబ్బరు కూడా లోపలి నుంచి అలాగే వేడెక్కుతుంది. ఆ వేడికి ఉక్కు తీగల పొర, రబ్బరు పొర ఒకదాన్నొకటి వదిలేస్తాయి. ఇది ఒక్క పూటలో జరిగేది కాదు. వారాలు, నెలలు పడుతుంది. చివరి రోజున, నిండా మనుషులతో, మిట్టమధ్యాహ్నం, తారు మరుగుతున్నట్టున్న రోడ్డుపై అది విడిపోతుంది. డ్రైవరు ‘ఉన్నట్టుండి పేలింది’ అంటాడు. అతనికి అలాగే అనిపిస్తుంది, అబద్ధం చెప్పడం లేదు. కానీ ఉన్నట్టుండి జరిగినది ఏదీ లేదు.

ఇక్కడ ఒక తప్పుడు నమ్మకం ప్రాణాల మీదకు తెస్తోంది. ఎండాకాలంలో గాలి కొంచెం తక్కువ పట్టించాలి, లేకపోతే ఉబ్బి పేలుతుందని చదువుకున్నవారు కూడా చెబుతారు. పూర్తిగా తలకిందుల మాట. ఉష్ణోగ్రత 5, 6 డిగ్రీలు పెరిగితే టైరులో పీడనం సుమారు ఒక పాయింటు (పీఎస్‌ఐ) పెరుగుతుంది. కారు తయారు చేసినవారికి ఆ సంగతి తెలుసు. చల్లటి టైరుకు వారు చెప్పిన అంకెలో ఆ పెరుగుదలకు చోటు ఉంటుంది. రామగుండంలో 45 డిగ్రీలు దాటిన రోజున గాలి తగ్గించి బయలుదేరడం అంటే పక్కగోడను ఇంకా నలిపి, ఇంకా వేడెక్కించడమే. దారిలో ఆగి, వేడి మీదున్న టైరులో అంకె ఎక్కువ కనిపించిందని గాలి వదిలేయడం కూడా అదే తప్పు. పొద్దున్నే, బండి కదలకముందు చూసుకోవాలి. ఆ అంకె డ్రైవరు తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద అంటించిన కాగితంలోనో, కారుతో ఇచ్చిన పుస్తకంలోనో ఉంటుంది. చాలా కార్లకు రెండు అంకెలు ఉంటాయి, నిండా మనుషులు, సామాను ఉంటే వెనుక టైర్లకు ఎక్కువ పట్టాలని. మేడారం జాతరకు ఐదుగురి కారులో ఏడుగురు ఎక్కి, బెల్లం బుట్టలు, వంట సామాను డిక్కీలో కుక్కి బయలుదేరే కుటుంబాల్లో ఆ కాగితం చదివేవారు ఎందరు? పంక్చరు షాపులో ‘అన్నింటికీ ఒకటే పెట్టు’ అని చెప్పి కారులోనే కూర్చునే అలవాటు మనది.

తర్వాత వయసు. టైరు పక్కగోడ మీద గుడ్డు ఆకారపు గీత లోపల నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. గాడులు కొత్తగా కనిపించినా రబ్బరు ఎండిపోతుంది, సన్నటి పగుళ్లు వస్తాయి. ఐదేళ్లు దాటాక ఏటా నిపుణుడికి చూపించాలని, పదేళ్ల తర్వాత ఏ పరిస్థితిలోనూ వాడవద్దని పేరున్న టైరు కంపెనీలే చెబుతున్నాయి. స్టెప్నీకీ ఇదే వర్తిస్తుంది. డిక్కీలో ఎన్నడూ కదలకుండా పడి ఉన్నంత మాత్రాన అది కొత్తది కాదు.

అరుగుదల గురించి మేము కొత్తగా చెప్పాల్సింది లేదు, చట్టమే చెప్పింది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 94వ నిబంధన ప్రకారం కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదు. దాన్ని కొలవడానికి పరికరం కూడా అవసరం లేదు. గాడుల అడుగున అక్కడక్కడా చిన్న రబ్బరు దిమ్మెలు ఉంటాయి. టైరు అరిగి వాటితో సమానమైతే దాని పని అయిపోయినట్టే. తొలకరి వానలో రోడ్డుపై నిలిచిన నీటిని పక్కకు తోసేది ఆ గాడులే. అవి లేకపోతే కారు నీటి మీద తేలుతుంది, బ్రేకు వేసినా స్టీరింగు తిప్పినా ఫలితం ఉండదు. ఆ గాడులు పోయిన టైరుకు వేడి కత్తితో కొత్త గీతలు కోసి అమ్మే వ్యాపారం మీద ఇకనైనా దాడులు జరగాలి. కారు టైరుకు కొత్తగా గాడి కోయడమంటే ఉక్కు తీగలకు మిగిలిన కాస్త రక్షణనూ కోసేయడమే. కొన్నవాడికి ఆదా అయ్యేది కొన్ని వేలు.

టైర్ల ధరలు మధ్యతరగతికి, టాక్సీ నడిపేవారికి భారమేనని, రోడ్లపై గుంతలు పూడ్చని ప్రభుత్వం టైర్ల గురించి ఎలా మాట్లాడుతుందని, రవాణా శాఖలో తగినంత సిబ్బంది లేరని వాదించేవారు ఉన్నారు. గుంతలో పడి లోపలి దారాలు తెగి పక్కగోడ బుడగలా ఉబ్బితే ఆ తప్పు రోడ్డుదే, ఒప్పుకుంటాం. ఆ ఉబ్బుతోనే నెల రోజులు తిరగడం ఎవరి తప్పు? గాలి చూసుకోవడానికి ఖర్చేమీ లేదు. సిబ్బంది తక్కువన్నది నిజమే కావచ్చు, కానీ ఠాణాకు చేరిన కారు టైరు మీద నాలుగు అంకెలు చదివి పంచనామాలో రాయడానికి కొత్త నియామకాలు అక్కరలేదు.

ద్వంద్వ నీతి అంతా ఇక్కడే ఉంది. హెల్మెట్ లేకపోతే కెమెరా పట్టుకుంటుంది, చలానా ఇంటికి వస్తుంది. అద్దాలకు నల్ల ఫిలిం అంటిస్తే రోడ్డు మీదే పీకేస్తారు. నున్నగా అరిగిన టైర్లతో అదే కారు అదే పోలీసు ముందు నుంచి సాఫీగా వెళ్లిపోతుంది. సొంత కారుకు రిజిస్ట్రేషన్ ఒకసారి అయితే 15 ఏళ్ల వరకు సామర్థ్య పరీక్ష అవసరం లేదు. మధ్యలో తీసుకునే కాలుష్య పత్రం పొగను చూస్తుంది, టైరును చూడదు. బడులు తెరిచే జూన్‌లో పాఠశాల బస్సుల తనిఖీలంటూ హడావిడి చేసే రవాణా శాఖ, ఆ బస్సుల పక్కనే పిల్లలను దింపే వందల కార్లను, ఆటోలను ఎప్పుడైనా ఆపిందా? ప్రభుత్వ శాఖలే అద్దెకు తీసుకుని తిప్పుతున్న కార్ల టైర్లను బిల్లు చెల్లించేముందు ఎవరైనా చూశారా?

చేయలేని పని కాదిది. 2023లో మహారాష్ట్రలో నాగపూర్–ముంబై సమృద్ధి మార్గంలో అరిగిన టైర్లతో వచ్చిన వాహనాలను ప్రవేశం దగ్గరే ఆపి వెనక్కి పంపారు. హైదరాబాద్–వరంగల్ జాతీయ రహదారి 163పై కోమళ్ల టోల్‌గేటు దగ్గర ప్రతి వాహనమూ వేగం తగ్గించాల్సిందే. వారానికి రెండు రోజులు అక్కడ ఒక తనిఖీ అధికారి నిలబడి చూస్తే చాలు. బంకుల్లో ఉచితంగా గాలి పట్టాల్సిన యంత్రాలు నడుస్తున్నాయా, వాటి మీటరు చూపే అంకె సరైనదేనా అని తూనికలు, కొలతల శాఖ ఆరా తీయాలి. తప్పుడు మీటరుతో పట్టిన గాలి, పట్టని గాలితో సమానం.

అన్నింటికంటే ముందు, జిల్లా రోడ్డు భద్రతా కమిటీలకు అధ్యక్షత వహించే కలెక్టర్లు ఒక్క ఆదేశం ఇవ్వాలి. ప్రాణం పోయిన ప్రతి ప్రమాదంలో నాలుగు టైర్ల తయారీ వారం, గాడి లోతు, పేలని టైర్లలో మిగిలిన గాలి నివేదికలోకి ఎక్కాలి. అవి లేకుండా ‘టైరు పేలడమే కారణం’ అని రాసిన నివేదికను తిప్పి పంపాలి. ఒక్క కేసును అలా మూసేస్తే తర్వాతి కేసును మూయడానికి అదే ఆనవాయితీ అవుతుంది. ఎన్నేళ్లుగానో అదే జరుగుతోంది. ఆ వాక్యాన్ని ప్రశ్నించకుండా అచ్చువేసిన మాకూ ఈ తప్పులో వాటా ఉంది. ఇకపై టైరు పేలిందని మా విలేకరి రాస్తే, ఆ టైరు ఏ ఏడాదిదో అధికారిని అడిగి రాయాలని మా డెస్కు నిర్ణయించింది. జవాబు చెప్పని అధికారి ఏ హోదాలో ఉన్నవారో కూడా రాస్తాం.

పాఠకులకు కూడా ఒక మాట. పెళ్లి బృందాన్ని ఎక్కించుకుని కారు తాళం తిప్పేముందు దిష్టి తీసి, నిమ్మకాయలు తొక్కించి వెళతారు. ఆ నిమ్మకాయ పెట్టేటప్పుడు ఎలాగూ వంగుతారు కదా, పక్కనే ఉన్న టైరు వైపు ఎందుకు చూడరు?